కత్తెరకు ఒదిగే కామిని: మాక్ ఆరెంజ్ బోన్సాయ్ పెంపకం

మాక్ ఆరెంజ్ అనే ఇంగ్లీషు పేరుతో ప్రపంచంలో ఒకటికి మించిన మొక్కలు చలామణి అవుతున్నాయి. ఐరోపా, ఉత్తర అమెరికా తోటల్లో ఆ పేరు ఫిలడెల్ఫస్ అనే, చలికాలంలో ఆకు రాల్చే పొదది కాగా, మరికొన్ని చోట్ల పిట్టోస్పోరమ్ ప్రజాతి మొక్కను కూడా అలాగే పిలుస్తారు. భారతదేశంలోనూ ఆస్ట్రేలియాలోనూ ఆ పేరుతో దొరికేది, ఉష్ణమండలపు బోన్సాయ్ పెంపకందారులు ఏరికోరి తెచ్చుకునేది ముర్రాయా పానిక్యులాటా అనే శాస్త్రీయ నామం గల చెట్టు. మన నర్సరీలలో దీన్ని కామిని అనీ మధుకామిని అనీ అమ్ముతారు; వృక్షశాస్త్ర గ్రంథాలలో నాగగొలుగు అనే తెలుగు పేరు కనిపిస్తుంది. దక్షిణాసియా, ఆగ్నేయాసియా, దక్షిణ చైనా, ఉత్తర ఆస్ట్రేలియా దీని స్వస్థలాలు.

నిమ్మ, నారింజ, వెలగ, మారేడు ఉన్న రూటేసీ కుటుంబంలోనిదే ఈ చెట్టు కూడా. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే నిమ్మాకులో ఉన్నట్టే సన్నని నూనె చుక్కలు కనిపిస్తాయి. పూవు ఐదు రేకులతో తెల్లగా ఉండి, నారింజ పూతను గుర్తుకు తెచ్చే పరిమళాన్ని రాత్రివేళ మరింత గాఢంగా వెదజల్లుతుంది. కాయ పండినప్పుడు నారింజ ఎరుపు రంగు తిరిగి, సుమారు ఒక సెంటీమీటరు పొడవుతో, లోపల ఒకటి రెండు గింజలతో ఉంటుంది. ఆకులు కాస్త చిన్నవిగా, గుండ్రంగా ఉండే రకాన్ని కొందరు వృక్షశాస్త్రవేత్తలు ముర్రాయా ఎక్జోటికా అనే వేరు జాతిగా పరిగణిస్తారు, మరికొందరు రెంటినీ ఒకే జాతిగా చూస్తారు. బోన్సాయ్ పెంచేవారికి ఈ వివాదంతో పని లేకపోయినా, చిన్న ఆకుల రకాన్ని ఎంచుకుంటే కురచ చెట్టులో ఆకుకూ కొమ్మకూ మధ్య పొంతన సులభంగా కుదురుతుందన్న సంగతి మాత్రం గుర్తుంచుకోదగినది.

తెలుగు ఇళ్లలో పెరటి మొక్కగా వెలసిన కరివేపాకును కూడా చాలాకాలం ఇదే ముర్రాయా ప్రజాతిలో లెక్కించారు. ఇటీవలి వర్గీకరణలో దాన్ని బెర్గెరా అనే వేరు ప్రజాతిలో చేర్చారు. కరివేపాకు శాస్త్రీయ నామంలోని కోనిగై అనే మాట జోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్ అనే వైద్యుడి పేరు మీద ఏర్పడింది. స్వీడన్‌కు చెందిన సుప్రసిద్ధ శాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్, 1768లో డేనిష్ స్థావరమైన తరంగంబాడికి వచ్చి, దక్షిణ భారతదేశపు మొక్కలను సేకరించి వర్ణించాడు. ముర్రాయా అనే ప్రజాతి నామం కూడా ఆయన సూచించినదే. మరో లిన్నేయస్ శిష్యుడు జోహాన్ ఆండ్రియాస్ ముర్రే గౌరవార్థం పెట్టిన ఆ పేరును లిన్నేయస్ 1771లో ప్రచురించాడు. కోనిగ్ 1785లో, నేడు కాకినాడలో భాగమైన జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఈ చెట్టు పేరుతో ముడిపడిన మనిషి గోదావరి తీరానికి ఇంత దగ్గరలో తుదిశ్వాస విడిచాడన్న సంగతి, ఆ పొరుగునే ఉన్న కడియం నర్సరీలలో కామిని మొక్కలు కొనేవారిలో చాలామందికి తెలియదు.

బోన్సాయ్ అంటే లోతు తక్కువ తొట్టెలో, వేళ్లనూ కొమ్మలనూ అదుపులో ఉంచుతూ, పెద్ద వృక్షపు రూపాన్ని చిన్న పరిమాణంలో సాధించే కళ. జపాన్‌లో ఆ పేరుతో స్థిరపడిన ఈ కళకు మూలం చైనాలోని పెన్‌జింగ్ సంప్రదాయం; క్రీ.శ. 706 నాటి టాంగ్ రాకుమారుడి సమాధి గోడచిత్రంలో, తొట్టెలో అమర్చిన చిన్న మొక్కలను మోసుకుపోతున్న పరిచారకుల బొమ్మ నేటికీ నిలిచి ఉంది. చైనా దక్షిణ కొసన ఉన్న గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో, అక్కడి వేడి తేమ వాతావరణానికి తగినట్టుగా, లింగ్నాన్ అనే ప్రత్యేక శైలి వికసించింది. ఆ శైలి కళాకారులు ఎక్కువగా చేపట్టిన చెట్లలో ముర్రాయా ఒకటి. జపాన్ పుస్తకాలు చూసి జూనిపర్, పైన్ వంటి చల్లని ప్రాంతపు చెట్లను తెచ్చి కోస్తా ఎండలో వాటిని బతికించుకోలేక నిరాశపడేవారికి లింగ్నాన్ తోటలే సరైన మార్గదర్శకం. అక్కడి వాతావరణం మన వాతావరణానికి దగ్గరిది, అక్కడి చెట్టు మన దగ్గర కంచెలుగా పెరుగుతున్న చెట్టే.

ఈ చెట్టు బోన్సాయ్‌కి తగినదని చెప్పడానికి ముఖ్యమైన కారణాలు దాని మానులోనూ మొగ్గలోనూ ఉన్నాయి. బెరడు బూడిద ఛాయతో కూడిన లేత గోధుమ రంగులో నునుపుగా ఉంటుంది; వయసు పెరిగేకొద్దీ మాను గుండ్రంగా కాక, కండలు తేలినట్టు ఎత్తుపల్లాలతో బలుస్తుంది. కలప పసుపు ఛాయతో, సన్నని రేకతో, చాలా గట్టిగా ఉంటుంది; ఇండోనేసియాలో కెమునింగ్ అని పిలిచే ఈ కలపతో క్రిస్ అనే సంప్రదాయ బాకులకు పిడులు చెక్కుతారు. అన్నిటికన్నా విలువైన గుణం, ఆకులేని ముదురు కొమ్మను మోడుగా నరికినా, ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఆ పాత బెరడులోంచే కొత్త చిగుళ్లు పుట్టించడం. ఈ గుణం లేని చెట్టులో ఒకసారి తప్పు చోట కోస్తే దిద్దుకునే దారి ఉండదు.

మొక్కను సంపాదించడానికి మార్గాలు అనేకం. గింజలు తాజాగా ఉన్నప్పుడే, పైనున్న గుజ్జు కడిగి వెంటనే నాటితే బాగా మొలుస్తాయి. నిలవ చేస్తే మొలకెత్తే శక్తి త్వరగా సన్నగిల్లుతుంది. కొమ్మ ముక్కలు వేరు పట్టడానికి ఆలస్యం చేస్తాయి. గాలి అంటు పద్ధతిలో, అంటే నచ్చిన కొమ్మ చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున బెరడును ఉంగరంలా ఒలిచి, తడి నాచు చుట్టి, పాలిథిన్ కాగితంతో బిగించి కట్టే పద్ధతిలో, వానాకాలంలో మంచి ఫలితం ఉంటుంది. అందులోనూ వేళ్లు మాను చుట్టూ అన్ని వైపులకూ సమంగా పుట్టే అవకాశం ఉండడం అదనపు లాభం. అయితే తొట్టెలో పెరిగే మొక్క మాను లావు కావడానికి చాలా ఏళ్లు పడుతుంది కనుక, అనుభవజ్ఞులు వెతికేది పాత కంచెలను. ఇల్లు పడగొట్టి కొత్తగా కట్టేచోట, ప్రహరీ మార్చేచోట తవ్వి పారేసే కామిని కంచెలో, ఏటేటా కత్తిరింపులు పడి మొదలు బలిసి, పైన కురచగా మిగిలిన మానులు దొరుకుతాయి. అలాంటి మానును ఒక్కసారిగా పెకలించకుండా, వ్యవధి ఉన్నప్పుడు ముందు ఒక పక్క వేళ్లను నరికి మట్టి కప్పి, కొన్ని నెలల తర్వాత రెండో పక్క వేళ్లను నరికి తీస్తే, మొదటి పక్కన ఈలోగా పుట్టిన పిల్లవేళ్లు చెట్టును కాపాడతాయి.

ఇలా తెచ్చిన చెట్టును నేరుగా అందమైన తొట్టెలో పెట్టాలని తొందరపడడం సరికాదు. మొదటి ఏడాది రెండేళ్లు లోతైన, వెడల్పయిన తొట్టెలో గానీ నేలలో గానీ ఉంచి వేళ్లు పట్టనివ్వాలి. ఆ దశలో వచ్చే ప్రతి చిగురునూ ఎదగనివ్వాలి. వేళ్లు బలపడ్డాక, మాను ఏ వైపు నుంచి చూస్తే కదలికతో, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ కనిపిస్తుందో గమనించి, ఆ వైపును చెట్టు ముఖంగా నిర్ణయించుకోవాలి. నేల మీద పైకి తేలి అన్ని దిక్కులకూ పరచుకున్న వేళ్లను జపాన్ పరిభాషలో నెబారి అంటారు. పెద్ద చెట్టు అనే భ్రమను కలిగించడంలో దానిదే మొదటి పాత్ర కనుక, కొమ్మల అందం చూసి మురిసిపోయే ముందు మట్టిని వేలితో తొలగించి మొదలును పరిశీలించడం అవసరం. కంచెలో పెరిగిన మానులకు మొదట్లోనే రెండు మూడు కాండాలు చీలి ఉంటాయి. వాటిని బలవంతంగా ఒంటి మానుగా మార్చే కన్నా, ఒకే మొదలు నుంచి లేచిన జంట చెట్లుగానో చిన్న గుంపుగానో తీర్చిదిద్దడమే ఆ మాను స్వభావాన్ని గౌరవించినట్టవుతుంది.

రూపం దిద్దడంలో ఈ చెట్టుకు తగిన ప్రధాన సాధనం తీగ కాదు, కత్తెర. లింగ్నాన్ కళాకారులు అనుసరించేది కత్తిరించి పెంచే పద్ధతి. మానును కోరిన ఎత్తులో కోసిన తర్వాత కోత చుట్టుపక్కల పుట్టిన చిగుళ్లలో సరైన దిక్కుకు పోయేదాన్ని ఎన్నుకొని, మిగిలినవి గిల్లివేసి, ఆ ఒక్కదాన్ని కత్తెర తగలనివ్వకుండా బారెడు పొడవుకైనా సాగనిస్తారు. కొమ్మ ఎంత స్వేచ్ఛగా సాగితే మొదట్లో అంత బలుస్తుంది. దాని మందం అది పుట్టిన మాను మందంలో సుమారు మూడింట రెండు వంతులకు చేరాక, మొదటి రెండు మూడు కణుపులు మాత్రం ఉంచి మిగిలినదంతా కోసేస్తారు. మళ్లీ పుట్టిన చిగురు వేరే దిక్కుకు పోతుంది. దాన్నీ అలాగే సాగనిచ్చి, బలిశాక అలాగే కోస్తారు. ఇలా ఒక్కో భాగం పూర్తి కావడానికి ఒకటి రెండేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. చివరకు ప్రతి మలుపు దగ్గరా సన్నబడుతూ, కోణాలుగా విరిగినట్టు సాగే కొమ్మ తయారవుతుంది. ఆ కోణాల గాంభీర్యం తీగతో వంచిన కొమ్మకు రాదు. ఈ నిర్మాణం ఎంత నిక్కచ్చిగా ఉందో చూపడానికే లింగ్నాన్ కళాకారులు ప్రదర్శనకు ముందు చెట్టు ఆకులన్నీ దూసివేసి, ఆచ్ఛాదన లేని కొమ్మల్ని నిలబెడతారు.

కొత్తగా కత్తెర పట్టినవారు ఈ చెట్టు దగ్గర తరచుగా పొరబడే చోటు ఒకటుంది. ముర్రాయా ఆకు సంయుక్త పత్రం. అంటే మధ్యనున్న ఒక ఈనెకు అటొకటి ఇటొకటిగా అమరిన మూడు నుంచి తొమ్మిది వరకు చిన్న పత్రకాలన్నీ కలిసి ఒక్క ఆకు. కరివేపాకు రెబ్బను చూసినవారికి ఈ అమరిక కొత్త కాదు. తర్వాతి చిగురును ఇచ్చే మొగ్గ పత్రకాల మొదట్లో ఉండదు, రెబ్బ మొత్తం కొమ్మకు అతుక్కున్న చోట, ఆ సందులో, ఆవగింజకన్నా చిన్నదిగా దాగి ఉంటుంది. పత్రకాల మధ్య కోస్తే ఆకు పాడవడమే తప్ప కొమ్మ చీలదు. రెబ్బ కొమ్మకు ఏ వైపు అతుక్కుని ఉందో, అక్కడి మొగ్గ కూడా ఆ వైపుకే సాగుతుంది కాబట్టి, కోతకు ముందు చివరగా మిగలబోయే రెబ్బ దిక్కు చూడాలి: కుడికి పోవాలంటే కుడివైపు రెబ్బకు కాస్త పైన, ఎడమకు పోవాలంటే ఎడమవైపు రెబ్బకు కాస్త పైన కోయాలి. నిటారుగా పైకి గానీ నేరుగా కిందికి గానీ చూసే మొగ్గను కొనమొగ్గగా మిగల్చకపోవడం మంచిది. చట్రం తయారైన చెట్టులో, చిగురు ఐదారు రెబ్బలు వేశాక ఒకటి రెండు రెబ్బలకు తగ్గిస్తూ పోతే, కొమ్మలు ఒత్తుగా చీలి, ఆకుల పరిమాణం కూడా తగ్గుతుంది.

తీగ అసలు వాడకూడదని కాదు. పచ్చగా, లేతగా ఉన్న చిగురును మొదట్లోనే కోరిన కోణానికి మళ్లించడానికి, కొమ్మ మందంలో మూడో వంతు మందం గల అల్యూమినియం తీగను ఏటవాలుగా చుట్టి మెల్లగా వంచవచ్చు. ముదిరిన కొమ్మ మాత్రం పెళుసుగా ఉండి, వంగుతున్నట్టే కనిపించి ఒక్కసారిగా విరుగుతుంది. పైగా ఎదుగుదల వేగంగా ఉండే వానాకాలంలో తీగ కొద్ది వారాల్లోనే బెరడులోకి దిగుతుంది. గరుకు బెరడు చెట్లలో కలిసిపోయే ఆ మచ్చ, ఈ నునుపు బెరడు మీద ఏళ్ల తరబడి మెలితిరిగిన గీతలా కనిపిస్తూనే ఉంటుంది. అందువల్ల తీగ చుట్టిన చెట్టును వారానికొకసారైనా పరీక్షించి, బిగుస్తున్నట్టు అనిపించగానే విప్పకుండా ముక్కలుగా కత్తిరించి తీసివేయాలి. పెద్ద కోతలు పడినచోట గాయాన్ని కాస్త లోపలికి గుంటగా చెక్కి, అంచుల్ని పదునైన చాకుతో నునుపు చేసి, కోతలకు పూసే మందు పూస్తే, కొత్త బెరడు అంచుల నుంచి లోపలికి పాకి చదునుగా మూసుకుంటుంది.

మట్టి విషయంలో ఒకే సూత్రం: నీరు పోసిన వెంటనే కిందికి దిగిపోవాలి, అయినా పలుకుల్లో తేమ నిలవాలి. ఉత్త తోటమట్టి లోతు తక్కువ తొట్టెలో గట్టిపడి వేళ్లకు గాలి ఆడనివ్వదు. జపాన్ నుంచి వచ్చే అకడామా మట్టి ఖరీదైనది కనుక, మన దేశంలో బాగా కాలిన ఇటుకల్ని పగలగొట్టి, జల్లెడ పట్టి, పొడిని తీసేసి, రెండు నుంచి ఐదు మిల్లీమీటర్ల పలుకుల్ని మాత్రం వాడే పద్ధతి స్థిరపడింది. ఆ పలుకులు సగం వరకు ఉండేలా, మిగిలిన సగంలో ముతక ఇసుక, ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు కలిపితే ఈ చెట్టుకు సరిపోతుంది. జల్లెడ పట్టడం విసుగు పుట్టించే పనే అయినా దాన్ని వదిలేస్తే, ఇటుక పొడి తొట్టె అడుగున బురదగా చేరి వేళ్లు కుళ్లుతాయి.

రెండు మూడేళ్లకొకసారి తొట్టె మార్చాలి. మైదాన ప్రాంతాల్లో ఫిబ్రవరి, మార్చి నెలలు గానీ, తొలకరి పడి ఎండ తగ్గిన జూన్, జూలై నెలలు గానీ అనుకూలమైనవి. ఏప్రిల్, మే నెలల్లో వేళ్లను కదపకూడదు. చెట్టును తొట్టె నుంచి తీసి, మట్టిని కర్రపుల్లతో విడదీసి, చుట్టలు చుట్టుకున్న వేళ్లలో మూడో వంతుకు మించకుండా కత్తిరించి, కిందికి దిగే లావు వేళ్లను కురచ చేయాలి. వేళ్లు కోయడం చెట్టును హింసించడమేనన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. నిజానికి నీటినీ పోషకాలనూ పీల్చేవి ముదురు వేళ్లు కావు, వాటి కొసన పుట్టే సన్నని పిల్లవేళ్లు. ముదురు వేరును కోసినచోట అవి గుత్తులుగా పుడతాయి కనుక, సరైన కాలంలో చేసిన కోత చెట్టును బలహీనపరచదు. వేళ్లు తొట్టెలో బిగిసిపోయి నీరు దిగని స్థితిలో ఏళ్ల తరబడి వదిలేయడమే దానికి చేసే అపకారం. తొట్టె మార్చాక రెండు మూడు వారాలు నీడలో ఉంచి, నెల దాటేవరకు ఎరువు వేయకుండా ఉండాలి. ఆ తర్వాత వేరుశనగ చెక్కను నానబెట్టి పలచన చేసిన నీరు, వేప పిండి వంటివి తగు మోతాదులో ఇవ్వవచ్చు.

మిగిలిన కాలమంతా ఈ చెట్టుకు రోజూ నాలుగైదు గంటల ఎండ కావాలి. గదిలో పెట్టుకునే మొక్కగా దీన్ని భావిస్తే కొమ్మలు సాగి, ఆకులు పలచబడి, పూత ఆగిపోతుంది. నడివేసవిలో మాత్రం లోతు తక్కువ తొట్టె వేడెక్కి వేళ్లు ఉడికిపోకుండా మధ్యాహ్నం తర్వాత నీడ కల్పించి, ఉదయం సాయంత్రం నీరు పోయాలి. రాయలసీమలోనూ తెలంగాణలోనూ చాలాచోట్ల బోరు నీటిలో సున్నపు లవణాలు ఎక్కువ. అలాంటి నీరు ఎడతెగకుండా పోస్తే మట్టిలో క్షారగుణం పెరిగి, ఇనుము ఉన్నా వేళ్లు దాన్ని అందుకోలేవు. లేత ఆకులు పసుపు పచ్చబడి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగలడం దీని గుర్తు. దీన్ని ఎరువు చాలకపోవడంగా పొరబడి మరింత ఎరువు వేయడం వల్ల ప్రయోజనం ఉండదు. వాన నీరు పట్టి వాడడం, చీలేటెడ్ రూపంలోని ఇనుమును ఇవ్వడం దీనికి మందు.

పురుగుల్లో పిండినల్లి, పొలుసు పురుగు, తెల్లదోమ సాధారణమైనవి. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బు కలిపి చల్లితే అదుపులో ఉంటాయి. లేత ఆకుల మీద పక్షి రెట్టలా కనిపించే గొంగళి పురుగులు, నిమ్మ జాతి చెట్ల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకల పిల్లలు. వాటిని చేత్తో ఏరి పెరట్లోని పెద్ద కరివేపాకు చెట్టు మీద వదిలితే చాలు. అసలు జాగ్రత్త పడవలసింది సిల్లా అనే చిన్న పురుగు విషయంలో. నిమ్మ, బత్తాయి తోటల్ని క్షీణింపజేసే గ్రీనింగ్ తెగులుకు కారణమైన బాక్టీరియాను మోసుకుపోయే ఈ పురుగు, ముర్రాయా లేత చిగుళ్ల మీద ఇష్టంగా పెరుగుతుంది. ఈ కారణంగానే అమెరికాలో ఈ మొక్కను ఒక చోటి నుంచి మరోచోటికి తరలించడంపై ఆంక్షలున్నాయి. నల్లగొండ, అనంతపురం ప్రాంతాల్లోలాగా బత్తాయి తోటలకు దగ్గరలో ఉండేవారు, చిగురు వేసిన ప్రతిసారీ ఆకుల అడుగు భాగాన్ని పరీక్షించి, పురుగు కనిపించిన చిగుళ్లను వెంటనే కత్తిరించి నాశనం చేయడం తమ చెట్టు కోసం మాత్రమే కాక రైతు కోసం కూడా చేయవలసిన పని.

పూత విషయానికి వస్తే, ఈ చెట్టు పెంపకంలోని అసలు చిక్కు అక్కడే ఉంది. ముర్రాయా పూలు కొత్త చిగురు కొసన గుత్తులుగా వస్తాయి. రూపం చెదరకుండా ఆ కొసల్నే ఎప్పటికప్పుడు కత్తిరిస్తూ పోతే పూతకు చోటుండదు. చట్రం తయారయ్యే తొలి ఏళ్లలో పూల మీద ఆశ పూర్తిగా వదులుకోవడమే ఉత్తమం. పూత, కాయ చెట్టు బలాన్ని తమవైపు లాక్కుంటాయి, కొమ్మలు బలవవు. కొమ్మల నిర్మాణం పూర్తయిన చెట్టుకు మాత్రం, వేసవి చివర ఒక కత్తిరింపు చేసి, నీరు కాస్త తగ్గించి, తొలకరి తర్వాత వచ్చిన చిగుళ్లను కదపకుండా వదిలేయవచ్చు. పొడి వాతావరణం తర్వాత పడిన మంచి వానకు స్పందించి ఈ చెట్టు విరగబూసే స్వభావం కలది; ఆ కొద్ది రోజులు చెట్టు ఆకారం కొంత చెదిరినట్టు కనిపించినా సహించాలి. తెల్లని పూలకూ ఎర్రని పండ్లకూ ముదురు నీలం రంగు మెరుగు తొట్టె బాగా నప్పుతుంది. రేకులు ఒకటి రెండు రోజుల్లోనే రాలిపోతాయి. ఆ తర్వాత పండ్ల రంగు కోసం నాలుగైదు గుత్తులు మాత్రం ఉంచి, మిగిలిన కొసలన్నిటినీ మళ్లీ ఒకటి రెండు రెబ్బల దగ్గరికి కత్తిరించి, అప్పుడే ఎరువు వేయాలి.